టెన్షన్ టెస్ట్, కెన్యా బబూన్లు, మన బుడ్డల చేను

ఈ మధ్య మా ల్యాబ్‌కి ఒక కొత్త బ్యాచ్ తయారైంది. చేతిలో డాక్టర్ చీటీ ఉండదు, ఫోన్లో రీల్ ఉంటుంది. "మేడమ్, కార్టిసాల్ టెస్ట్ చేస్తారంట కదా, టెన్షన్ ఎంతుందో తెలిసిపోతుందంట కదా" అని అడుగుతారు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు, బెంగళూరు నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరికొచ్చి కూర్చున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు, కొడుక్కి సంబంధం కుదరట్లేదని బెంగ పెట్టుకున్న అమ్మలు, అందరూ ఉన్నారు ఇందులో. చేస్తాం, ఎందుకు చేయం, రక్తం తీసి సీరమ్ వేరు చేసి ఐస్ బాక్స్‌లో పెట్టి బెంగళూరు పంపిస్తాం, రిపోర్ట్ వస్తుంది. కానీ ఆ నంబర్ చూసి "నా టెన్షన్ ఇంత" అనుకోవడానికి లేదు. ఈ మాట కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పాలంటే వెనక క్యూలో వాళ్లు ఊరుకోరు, అందుకని ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్దదే అయ్యేటట్టుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

మొదట టైమ్ సంగతి. కార్టిసాల్ అంటే స్ట్రెస్ హార్మోన్, అది వచ్చేది కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి. మెదడులో హైపోథలామస్ అని ఒకటుంది, అది కింద ఉన్న పిట్యూటరీకి చెప్తే, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ వదిలితే, అది రక్తంలో పడి అడ్రినల్ దాకా పోతే అప్పుడు కార్టిసాల్ బయటికొస్తుంది. ఇదంతా టెన్షన్ వచ్చినప్పుడు మాత్రమే జరిగే పని అనుకుంటారు, కాదు. ఏ టెన్షనూ లేకున్నా తెల్లారుజామున పెరుగుతుంది, నిద్ర లేచిన అరగంటకి ఇంకాస్త ఎక్కుతుంది, పొద్దెక్కే కొద్దీ దిగుతూ వచ్చి అర్ధరాత్రికి అడుగుకి పోతుంది. అందుకే డాక్టర్లు పొద్దున 8 గంటల శాంపిల్, సాయంత్రం 4 గంటల శాంపిల్ అని వేరేవేరేగా రాస్తారు, రెండింటికీ నార్మల్ రేంజ్ కూడా వేరే. మనవాళ్లేమో చీటీలో ఎనిమిది అని కొట్టొచ్చినట్టు రాసున్నా, బస్టాండ్ దగ్గర ఉగ్గాని బజ్జీ కానిచ్చుకుని పదకొండుకి దిగుతారు. "మూడు గంటలకే ఏమైపోతాది మేడమ్" అంటారు. అయ్యేదంతా ఆ మూడు గంటల్లోనే. ఇంక రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే వాచ్‌మన్‌లు, నర్సులు అయితే వాళ్ల ఎనిమిది గంటలకి అర్థమే వేరు.

ఇంకోటి సూది. కొందరికి చేతికి టోర్నికే పట్టీ కట్టేసరికే మొహం పాలిపోతుంది. భయం పుట్టిన వెంటనే కార్టిసాల్ రక్తంలోకి దూకదు, కొన్ని నిమిషాలు పడుతుంది, ఇరవై ముప్పై నిమిషాలకి బాగా ఎక్కుతుంది. కాబట్టి వచ్చీ రాగానే ఒక్క పోటుకి తీస్తే పర్వాలేదు గానీ, అరగంట బయట కుర్చీలో కూర్చుని పక్కనోళ్ల పిల్లాడు ఏడవడం విని విని లోపలికొచ్చిన మనిషి శాంపిల్‌లో ఏముంటుంది? మా వెయిటింగ్ హాల్ ఉంటుంది. గర్భం రాకుండా వేసుకునే మాత్రలుంటాయి కదా, అవి వాడే ఆడవాళ్లకి కార్టిసాల్‌ని పట్టుకుని తిరిగే ప్రోటీన్ రక్తంలో పెరుగుతుంది, దాంతో మొత్తం నంబర్ ఎక్కువ చూపిస్తుంది. వాళ్లకి ఏ టెన్షనూ లేకపోవచ్చు. ఇది అడక్కుండా రిపోర్ట్ చూసి గుండె బాదుకుంటారు.

ఈ గొడవంతా నాకంటే వెయ్యి రెట్లు పడినాయన ఒకాయన ఉన్నాడు, ఆయన కోసమే అసలు ఈ పోస్ట్. రాబర్ట్ సపోల్‌స్కీ, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో న్యూరోసైంటిస్ట్. 1957లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు, చిన్నప్పట్నుంచి కోతులంటే పిచ్చి. 1978లో హార్వర్డ్‌లో డిగ్రీ పూర్తయింది, ఆ వయసులోనే కెన్యా పోయి మసాయి మారా వైపు గడ్డి మైదానాల్లో బబూన్ల గుంపులు వెతుక్కున్నాడు. బబూన్ అంటే కుక్క మూతి లాంటి మూతితో, పెద్ద కోరలతో ఉండే పెద్ద జాతి కోతి. ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ టెంట్‌లో, మిగతా కాలమంతా ల్యాబ్‌లో ఎలుకల మెదళ్లతో, ఇట్లా ఒక ఏడాది రెండేళ్లు కాదు, దశాబ్దాల తరబడి.

బబూన్లే ఎందుకంటే, వాటికి తిండి వెతుక్కోవడం రోజులో కొన్ని గంటల పని. గుంపులో ఉంటే చిరుత, సింహం భయం కూడా అంతగా ఉండదు. మిగిలిన టైమంతా ఏం చేస్తాయంటే ఒకదాన్నొకటి పీడించుకుంటాయి. అచ్చం మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపే. అంటే వాటి స్ట్రెస్‌లో ఎక్కువ భాగం ఆకలి నుంచో రోగం నుంచో కాదు, పక్క బబూన్ నుంచి. ఆయనకి కావాల్సింది అదే.

రక్తం తీసే పద్ధతి చదివితే మాత్రం మా ఫీల్డ్ వాళ్లెవరైనా దండం పెడతారు. మత్తుమందు ఉన్న బాణాన్ని ఊదుడు గొట్టంలో పెట్టి నోటితో ఊది కొట్టాలి. ఎప్పుడు పడితే అప్పుడు కొడితే కుదరదు, రోజూ ఒకే టైమ్‌కి, పొద్దున పూటే, ఎందుకంటే పైన చెప్పిన ఎక్కుడు దిగుడు బబూన్లకీ ఉంది. కొట్టే ముందు అది ఈయన్ని చూడకూడదు, చూస్తే దానికి భయం పుట్టి హార్మోన్ పెరుగుతుంది, ఇంక ఆ శాంపిల్ దండగ. ఆరోజు అది ఎవరితోనన్నా కొట్లాడి ఉన్నా, దెబ్బ తగిలి ఉన్నా, జబ్బుగా ఉన్నా, ఆడదానితో కలిసున్నా వదిలెయ్యాలి. అన్నీ కుదిరి ఒక బాణం తగిలితే, అది మత్తులో పడేదాకా వెంట నడవాలి, మిగతావి దాని మీద పడకుండా చూసుకోవాలి, పడంగానే గబగబా రక్తం లాగాలి. ఏసీ గదిలో కూర్చుని "ఆ చెయ్యి కాదమ్మా, ఈ చెయ్యి చాపండి" అనే నాకు అలసట అనే మాట ఎత్తడానికి సిగ్గేసింది.

ఇంత కష్టపడితే తేలిందేమిటంటే, గుంపు కుదురుగా ఉన్న కాలంలో, ఎవరు పైన ఎవరు కింద అన్నది అందరికీ తెలిసిపోయిన కాలంలో, కింది మెట్టు మీద ఉన్న మగ బబూన్లకి ఏ గొడవా లేని మామూలు పొద్దున కూడా ఆ హార్మోన్ ఎక్కువే. పైనున్న వాటికి తక్కువ. అక్కడితో ఆగితే అందరికీ తెలిసిన కథే అనుకోవచ్చు, నాకు నచ్చింది దాని తర్వాతది. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు పైనున్న దానికి హార్మోన్ టక్కున ఎక్కి, పని అయిపోగానే టక్కున దిగిపోతుంది. కిందున్న దానికి ఎక్కడం కూడా మందంగానే ఎక్కుతుంది, దిగడం ఇంకా ఆలస్యం. అంటే తేడా అసలు మనిషికి, సారీ బబూన్‌కి, హార్మోన్ ఎంతుంది అన్న దగ్గర ఒక్కటే లేదు, ఎంత తొందరగా లేచి ఎంత తొందరగా సర్దుకుంటుంది అన్న దగ్గర కూడా ఉంది. మా దగ్గర ఒక్క ట్యూబ్ రక్తంలో ఈ సర్దుకోవడం కనపడదు కదా, అదీ పాయింట్.

మెట్టు ఒక్కటే కూడా కాదు. గుంపులో పెద్దరికం కోసం కొట్లాట మొదలై ఎవరు ఎక్కడున్నారో తెలీని కాలం వస్తే, అప్పుడు అందరికంటే ఎక్కువ స్ట్రెస్ పైనున్న వాళ్లకే, కుర్చీ ఊగేది వాళ్లదే కాబట్టి. ఒకే మెట్టు మీద ఉన్న వాటిలో కూడా, పేలు చూసేవాళ్లు, పక్కన ఆనుకుని కూర్చునేవాళ్లు ఉన్న మగ బబూన్లకి హార్మోన్ తక్కువ. ఎదురుగా శత్రువు వచ్చి నిజంగా బెదిరిస్తున్నాడా, లేక వాడి మానాన వాడు దూరంగా పడుకున్నాడా అన్నది విడదీసి చూడగలిగిన వాటికీ తక్కువే. ప్రతి దానికీ ఉలిక్కిపడేది నష్టపోతుంది. ఇంకొకటుంది, చెప్పాలంటే బాగోదు గానీ చెప్తా, ఓడిపోయొచ్చి తనకన్నా చిన్నదాన్ని కొట్టే వాటికి కూడా హార్మోన్ తక్కువే ఉందంట. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం మన ఇళ్లలోనే కాదు, మసాయి మారాలో కూడా ఉంది, పైగా రక్తంలో పనిచేస్తోంది కూడా. కొట్టినోడికి దిగుతుంది సరే, దెబ్బ తిన్న దుత్త సంగతేంటి మరి. పొద్దున మేనేజర్ దగ్గర తిట్లు తిని వచ్చి మా స్వీపరమ్మ మీద అరిచే కస్టమర్లని చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది నాకు.

తర్వాత జరిగింది ఎవరూ ప్లాన్ చేసింది కాదు. 1980ల మధ్యలో అక్కడ ఒక టూరిస్ట్ లాడ్జి చెత్తకుప్పలో పారేసిన మాంసంలో టీబీ ఉంది. సపోల్‌స్కీ గుంపులోని మగవాటిలో బాగా కొట్లాడేవి మాత్రమే ఆ చెత్తకుప్ప దగ్గరికి పోయి, అక్కడి వేరే గుంపుతో తలపడి తిండి లాక్కునేవి. అవే చచ్చిపోయాయి, మొత్తం మగవాటిలో దాదాపు సగం. మిగిలినవి ఆడవి, పిల్లలు, గొడవలకి పోని మెతక మగవి. గుంపు వాతావరణమే మారిపోయింది, ఒకదానికొకటి పేలు చూసుకోవడం పెరిగింది, ఊరికే కొట్టడం తగ్గింది. బబూన్లలో మగవి పెద్దయ్యాక పుట్టిన గుంపు వదిలి వేరే గుంపుకి పోతాయి, కాబట్టి కొన్నేళ్లకి పాత మగవి ఒక్కటీ లేవు, అన్నీ బయటి నుంచి వచ్చినవే. అయినా గుంపు అట్లే ఉంది. కొత్తగా వచ్చినవి ఈ గుంపు పద్ధతికే అలవాటు పడ్డాయి, అక్కడ కింది మెట్టు మీద ఉన్నవాటికి వేరే గుంపుల్లో కనపడే స్ట్రెస్ గుర్తులు లేవు. దీన్ని 2004లో లీసా షేర్‌తో కలిసి పేపర్‌గా వేశాడు. "కోతి బుద్ధి మారదు" అని మనం ఊరికే అనేస్తుంటాం.

ఇంత దూరం కెన్యా ఎందుకు, మన పక్కనే బెంగళూరులో జరిగిన పని ఉంది. ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ గారి ల్యాబ్‌లో ఎలుకల్ని రోజుకి రెండు గంటలు కదలకుండా కట్టేసి, అట్లా పది రోజులు చేసి మెదడు చూశారు. 2002లో వచ్చింది ఆ పేపర్. జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోకాంపస్‌లో నరాల కణాల కొమ్మలు కుదించుకుపోయాయి. భయానికి సంబంధించిన అమిగ్డాలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. ఒకే హార్మోన్, ఒకే మెదడు, ఒకచోట ఎండబెట్టింది, ఇంకోచోట ఏపుగా పెంచింది. తర్వాత ఎలుకల్ని 21 రోజులు వదిలేసి చూస్తే అమిగ్డాలాలో పెరిగింది అట్లే ఉంది. హిప్పోకాంపస్ అయితే అంత టైమ్ ఇస్తే కోలుకుంటుంది. ఇంకో ప్రయోగంలో ఒకే ఒక్కసారి రెండు గంటలు కట్టేసి వదిలేశారు. మర్నాడు చూస్తే ఏమీ లేదు, ఎలుక మామూలే. పది రోజులకి చూస్తే అమిగ్డాలాలో కణాల మధ్య కనెక్షన్లు పెరిగాయి, ఎలుక భయపడడం మొదలుపెట్టింది. యాక్సిడెంట్ అయిన మర్నాడు బాగానే తిరిగి, వారం దాటినాక లారీ హారన్ వింటే వణికే మనుషుల్ని చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే తిరకాసు అదే ల్యాబ్ నుంచి 2012లో వచ్చింది. ఆ ఒక్కసారి కట్టేసే ముందు ఎలుకలకి తాగే నీళ్లలో స్ట్రెస్ హార్మోన్ కలిపి ఇస్తే (ఎలుకల్లో అది కార్టికోస్టెరోన్, మనకీ బబూన్లకీ కార్టిసాల్) పది రోజుల తర్వాత రావాల్సిన ఆ మార్పు రాలేదు, హార్మోనే కాపాడింది. రీల్స్‌లో చూపించేటట్టు కార్టిసాల్ అంటే విలన్, తగ్గించుకుంటే హాయి అనుకునే వాళ్లకి ఇది చెప్తే నమ్మరు. అది లేకపోతే మనం పొద్దున లేచి నిలబడలేం, బీపీ నిలవదు.

నిలవదు అంటే ఊరికే అనలేదు, మా ల్యాబ్‌లో కార్టిసాల్ నిజంగా పనికొచ్చే కేసులు ఇవే. పల్లె నుంచి ఒక అవ్వ వస్తుంది, మొహం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, చేతుల మీద చర్మం పల్చగా ఉండి ఎక్కడ తగిలినా నీలంగా కమిలి ఉంటుంది, సూది తీసినాక దూది ఎంత ఒత్తి పట్టుకున్నా మచ్చ పడుతుంది. "అవ్వా, కీళ్ల నొప్పులకి ఏమన్నా పొట్లాలు తింటాండావా" అంటే మొదట "ఏం లేదు నాయనా" అంటుంది, మనవడు పక్కనుంచి "ఉండాది కదా జేజీ, ఆ తెల్ల బిళ్లలు" అంటాడు. స్టెరాయిడ్ అది. బయటి నుంచి అంత స్టెరాయిడ్ వస్తుంటే మెదడు ఇంక చాల్లే అని ఏసీటీహెచ్ ఆపేస్తుంది, అడ్రినల్ పని మానేసి కుంచించుకుపోతుంది. ఇక్కడ ఇంకో చిక్కు, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వేసుకునే వాళ్లకి కొన్ని టెస్ట్ కిట్లు ఆ మందునే కార్టిసాల్ అనుకుని ఎక్కువ చూపిస్తాయి, డెక్సామెథసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ అయితే అట్లా కలవదు కాబట్టి అడుగంటిన నంబర్ వస్తుంది. అందుకే ఏ మాత్ర తిన్నారని మేం గుచ్చి గుచ్చి అడిగేది, మీ ఇంటి గుట్టు తెలుసుకోవాలని కాదు. ఇది చదివి ఎవరన్నా భయపడి ఆ బిళ్లలు ఒక్కసారిగా ఆపేస్తారేమో, ఆపొద్దు, ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్ దగ్గరికి పోతే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

సరే, మళ్లీ స్ట్రెస్‌కి. సపోల్‌స్కీ తన లెక్చర్లలో పదే పదే చెప్పే పాత ప్రయోగం ఒకటుంది, జే వైస్ అనే ఆయన 1970 ఆ ప్రాంతంలో చేసింది. రెండు ఎలుకలకి ఒకే షాక్, ఒకే కొలత, ఒకే టైమ్. ఒకదానికి షాక్ వచ్చే ముందు బీప్ అని శబ్దం వినిపిస్తుంది, రెండోదానికి ఏ హెచ్చరికా లేదు. హెచ్చరిక ఉన్నదానికి కడుపులో పుండ్లు తక్కువ. దెబ్బ సమానమే, ఎప్పుడు పడుతుందో తెలిస్తే చాలు. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు దీన్ని మనుషుల మీద ఇంకా బాగా చూపించారు. కంప్యూటర్ గేమ్‌లో రాళ్లు, రాయి కింద పాముందా లేదా ఊహించాలి, ఉంటే చేతికి నొప్పి పుట్టేలా షాక్. షాక్ ఖాయం అని తెలిసినప్పుడు కంటే ఫిఫ్టీ ఫిఫ్టీ ఉన్నప్పుడే చెమటలు, కంటిపాప పెద్దదవడం ఎక్కువ. పడుతుందని తెలిస్తే తట్టుకుంటాం, పడుతుందో లేదో అన్నదే తినేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు మా కళ్యాణదుర్గం వైపు బుడ్డల (వేరుశనగ) చేను గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది. మన అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అది కూడా సగటు మాట, పడే తీరు దానిష్టం. విత్తనం పడినాక పూత వచ్చి ఊడలు దిగే టైమ్‌కి ఒక్క పదును కావాలి. మా నాయన ఆ రోజుల్లో సాయంత్రమైతే మిద్దెక్కి పడమర చూసేవాడు, కింద అమ్మ సంగటి కెలుకుతూ "ఏమన్నా ఉండాదా" అనేది, "ఉండాదో లేదో" అనేవాడు. మబ్బు లేకపోతే ఒక విధంగా నయం, ఆరోజు అన్నం తినేవాడు. మబ్బు పట్టి, చల్లగాలి వీచి, పక్క ఊరి మీద కురిసి పోయిన రోజు మాత్రం ఎవ్వరితోనూ మాట్లాడేవాడు కాదు, మాట్లాడితే ఎనుముల మీద అరిచేవాడు. ఆయన కార్టిసాల్ ఎవరూ చూడలేదు.

కెన్యాలో మాత్రం చూశారు. జొహానెస్ హౌషోఫర్, ఆయన తోటివాళ్లు కలిసి చేసిన స్టడీ 2013లో వచ్చింది, కియాన్యాగా అనే చోట పేద రైతుల ఎంగిలి (లాలాజలం) శాంపిల్ తీసి కార్టిసాల్ కొలిచి, అక్కడ పడిన వాన లెక్కలతో పెట్టి చూశారు. పోల్చుకోవడానికి నైరోబీలో రేకులు, ఇనుము పని చేసుకునే వాళ్ల శాంపిల్ కూడా తీశారు, వాళ్లకి వానతో పనిలేదు కాబట్టి. వాన తగ్గితే రైతుల్లో కార్టిసాల్ పెరిగింది, ఇనుము పని వాళ్లలో పెరగలేదు. రైతుల్లోనే సేద్యం తప్ప వేరే దిక్కు లేని వాళ్లకి ఎక్కువ పెరిగింది, పక్కన ఇంకో సంపాదన ఉన్నవాళ్లకి తక్కువ. ఇక్కడ కార్టిసాల్ నంబర్‌కి విలువ ఎందుకొచ్చిందంటే ఒక మనిషికి ఒక ట్యూబ్ తీసి ఊరుకోలేదు, ఎవరు, ఏ పని చేస్తారు, ఏ ఏడాది, పక్కనోళ్లకి ఎంత అని అన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ప్యాకేజీలో కలిపి "స్ట్రెస్ ప్రొఫైల్" అని అమ్మేదాంట్లో ఇవేవీ ఉండవు, మా ల్యాబ్‌లో అమ్మినా సరే ఇదే చెప్తా, మా సార్ చదవకుండా ఉంటే చాలు.

మా ఇంట్లోనే ఆ రెండు రకాలూ ఉన్నారు. మా చిన్నాయన ఇప్పటికీ వాన నమ్ముకున్న ఏడెకరాలతోనే ఉన్నాడు, మా మేనమామ సేద్యంతో పాటు ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఎంగిలి శాంపిల్‌కి సూది అక్కర్లేదు, పల్లెలో ఇంటి అరుగు మీదే తీసుకోవచ్చు, ఐస్ బాక్స్ ఉంటే చాలు. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ టాపిక్ వెతుక్కునే పిల్లలెవరన్నా ఇక్కడిదాకా చదివుంటే, ఊళ్లు నేను చూపిస్తా, శాంపిల్ ఎట్లా తీయాలో నేర్పిస్తా, పొద్దున ఎనిమిదికి మాత్రం రావాలి.